చెయ్యి పట్టుకుని లాగిన రోజు

అతను సిటీ బస్సు డ్రైవరు. పదమూడేళ్ళ సర్వీసులో ఎవరి మీదా గొంతు పెంచలేదని డిపోలో పేరు. ముందు కారు అడ్డంగా ఆగిపోయినా, ఎక్కాల్సిన మనిషి ఎక్కకుండా మెట్టు మీదే నిలబడి ఫోన్లో ఇంటి గొడవలన్నీ తీరుస్తున్నా, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయేవాడు. కండక్టరు అతన్ని శాంతమూర్తి అని పిలిచేవాడు. ఎగతాళికే మొదలుపెట్టాడు గానీ, పోనుపోను డిపోలో అదే పేరుగా స్థిరపడిపోయింది.

అంతటి శాంతమూర్తికీ రెండున్నరేళ్ళ కూతురు ఉంది. ఇంట్లోనూ క్రెష్‌లోనూ దాన్ని అందరూ పిడుగు అనేవారు. అన్నం గిన్నె బోర్లించడం, నీళ్ళ బకెట్లో చెప్పులు కడగడం, నిద్రపోతున్న తండ్రి కనురెప్పలు వేలితో ఎత్తి లోపల ఎవరున్నారో చూడడం దాని నిత్యకృత్యాలు. ఆ నెలలో దానికి కొత్తగా పట్టుబడిన మాట "నేనే". చొక్కా నేనే, గొళ్ళెం నేనే, మెట్లు నేనే.

భార్య పోస్టాఫీసులో పార్సిళ్ళు విడదీసే సెక్షన్‌లో పనిచేసేది. ఆమె ఏడింటికల్లా వెళ్ళిపోవాలి. అతని డ్యూటీ పదింటికి మొదలు. అందుకని పిల్లని లేపి, స్నానం చేయించి, ఇంత తినిపించి, క్రెష్‌లో దింపే పని అతని వంతు.

ఆ మంగళవారం పొద్దున పిడుగు పాలు రెండుసార్లు ఒలకబోసింది. వేసిన బట్టలు విప్పేసింది. ఎలాగో మళ్ళీ తొడిగి బయటపడేసరికి తొమ్మిదిన్నర. వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఒక్కొక్క మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, తన ప్రతాపం తానే చూసుకుని మురిసిపోతూ అది దిగుతోంది. చివరి మూడు మెట్ల దగ్గర అతను ఓపిక పట్టలేక ఎత్తి కింద దింపేశాడు. అంతే. అది తిరిగి మెట్లెక్కి, మూడో మెట్టు మీద చతికిలబడి, "మళ్ళీ. నేనే" అంది.

"రామ్మా, టైమైపోయింది."

"పైనుంచి. నేనే."

"రా."

అది రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు ఆలస్యమై పై అధికారి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని లోపల ఏదో తెగింది. వంగి, దాని ఎడమ చెయ్యి దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజాడు. పిల్ల కాళ్ళు మెట్టు మీంచి లేచాయి. అతని అరచేతిలోకి, దాని చేతిలోంచి, చిన్నగా టిక్కుమన్న అదురు వచ్చింది.

పిడుగు ముందు ఏడవలేదు. తండ్రి ముఖంలోకి చూసింది. ఆ తర్వాత ఏడ్చిన ఏడుపు అతను అంతకుముందు ఎన్నడూ విన్నది కాదు. కిందికి దించితే ఎడమ చెయ్యి పక్కన వేలాడుతోంది. ముట్టుకోబోతే వెనక్కి వెనక్కి పోతోంది.

పిల్లల డాక్టరమ్మ ఆస్పత్రి రెండు వీధుల అవతల. పిల్లని భుజాన వేసుకుని పరిగెత్తాడు. లోపల ఒక తల్లి పసిగుడ్డుకి బట్టలు తొడుగుతోంది. డాక్టరమ్మ చెయ్యి చూసి, "ఎలా జరిగింది?" అంది.

"మంచం మీంచి పడిందమ్మా."

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలియదు. డాక్టరమ్మ అతని వైపు ఒకసారి చూసింది. "ఎవరైనా చెయ్యి పట్టుకుని లాగారా? లాగినా ఇలాగే అవుతుంది. చాలా ఇళ్ళలో జరిగేదే, చెప్పడానికి మొహమాటపడక్కర్లేదు."

బట్టలు తొడుగుతున్న తల్లి చెవులు ఇటే ఉన్నట్టు అనిపించింది అతనికి.

"లేదమ్మా. పడింది."

డాక్టరమ్మ ఆ మాటే కార్డులో రాసుకుంది. పిల్ల మోచెయ్యి పట్టుకుని, మాటల్లో పెట్టి, ఒక్క మలుపు తిప్పి మడిచింది. అరనిమిషం పట్టలేదు. పావుగంటకి పిడుగు అదే చేత్తో బల్ల మీది పెన్ను లాక్కుంది.

"కీలు కాస్త జారింది, అంతే. ఈ వయసులో వదులుగా ఉంటుంది. కొన్నాళ్ళ పాటు ఎవరూ చేతులు పట్టుకుని ఎత్తకూడదు, ఊపకూడదు. చంకల కింద చేతులు పెట్టి ఎత్తాలి. లేకపోతే మళ్ళీ జారుతుంది. ఇంట్లో చెప్పండి, క్రెష్‌లో కూడా మర్చిపోకుండా చెప్పండి."

"అలాగేనమ్మా" అన్నాడు.

క్రెష్‌లో చెప్పలేదు. చెప్తే కీలు ఎందుకు జారిందని అడుగుతారు. పడితే బెణుకుతుంది గానీ, జారడమేమిటని ఎవరైనా ఆరా తీస్తారు. సాయంత్రం భార్యతో, "పిల్ల మంచం మీంచి పడింది, చెయ్యి బెణికింది, డాక్టరమ్మ సరిచేసింది" అని మాత్రం చెప్పాడు.

ఆమె చేతిలో సంచి అలాగే ఉంది. పిల్లని దగ్గరికి తీసుకుని చెయ్యంతా తడిమి, వచ్చి మంచం దగ్గర నిలబడింది. పదిహేను రోజుల కిందట ఆ మంచానికి ఉన్న చెక్క అడ్డు ఊడదీయించింది ఆమే. పిల్ల దానిమీదికెక్కి దూకుతోందని భయం. ఉంచితేనే మంచిదని అతను అప్పట్లో అన్నాడు.

"మీరు వద్దన్నా నేనే తీయించాను" అందామె.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. "పోనీలే, తగ్గిపోయిందిగా" అన్నాడు. ఆస్పత్రిలో ఆడిన అబద్ధం కంటే ఇది పెద్దదని అతనికి తెలుస్తూనే ఉంది. అయినా ఆ మాటే బయటికి వచ్చింది.

మర్నాటి నుంచి ఆమె పరుపు నేల మీదికి దించి, పిల్ల పక్కనే పడుకోవడం మొదలుపెట్టింది. పిల్ల కదిలితే చాలు లేచి కూర్చునేది. పొద్దున్నే మెడ పట్టేసి, తల ఒక పక్కకే తిప్పుతూ ఆఫీసుకి వెళ్ళేది. పార్సిళ్ళు మోసే పని, నిద్ర లేని కళ్ళు. నాలుగు వారాలు గడిచేసరికి ఆమె చిక్కి సగమైంది. అతను అది రోజూ చూశాడు. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకున్నాడు. రోజులు గడిచేకొద్దీ మాట బరువెక్కిపోయింది.

నెలకొక శనివారం క్రెష్‌లో తల్లిదండ్రుల సమావేశం ఉండేది. పిల్లల చిన్న కుర్చీల్లో పెద్దవాళ్ళంతా మోకాళ్ళు గడ్డాలకు ఆనించుకుని కూర్చునేవారు. క్రెష్ నడిపే మేడమ్ ఒక్కొక్కరినీ పలకరించేది. సమావేశమంటే పేరుకే గానీ, అందరూ అక్కడ గుండె బరువు దించుకుని పోయేవారు.

"మా వాడు కొరకనిది ఈ లోకంలో ఒక్కటే ఉందండీ" అన్నాడు లెక్కల మాస్టారు. "తిండి."

అందరూ నవ్వారు. కవలపిల్లల తల్లి ఒకావిడ ఉంది, ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకున్న టైలరు. ఆవిడ అంది, "మావాళ్ళిద్దరూ డ్యూటీలు వేసుకున్నారు. ఒకడు పడుకోగానే రెండోవాడు ఎక్కుతాడు. డ్రైవరు అన్నయ్యగారూ, మీ డిపోలో కూడా అంత పద్ధతిగా ఉండదేమో."

"మా దగ్గర మధ్యలో టీ తాగడానికైనా పది నిమిషాలిస్తారమ్మా" అన్నాడతను. మళ్ళీ నవ్వులు.

అప్పుడు అతని భార్య వంతు వచ్చింది. పిల్ల బాగా మాట్లాడుతోందని, రంగుల పేర్లు చెప్తోందని చెప్పింది. "మంచానికున్న అడ్డు నేనే తీయించాను. పిల్ల పడింది. చెయ్యి బెణికింది. తగ్గిపోయిందనుకోండి. కానీ నాకే..." అని ఆగిపోయింది. టైలరమ్మ ఆమె వీపు నిమిరింది. "పిల్లలన్నాక పడతారు వదినా. తల్లి తప్పు ఏముంది ఇందులో?" అంది.

అతను నేలమీద రంగు చాక్‌తో గీసిన చేప బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంకో పది రోజులకి, అతను ఒక ట్రిప్పు ముగించి డిపోలో బస్సు దిగుతుంటే మేడమ్ ఫోను. పిడుగు ఎడమ చెయ్యి కదపడం లేదు, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం అంది. అతను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు డాక్టరమ్మ సెలవు, వేరే డాక్టరు కూర్చున్నాడు. కీలు సర్ది, "చేతులు పట్టుకుని ఎత్తితే ఇలాగే అవుతుంది, మీ వాళ్ళకి ఆ మాత్రం తెలియదా?" అని మేడమ్‌ని కేకలేశాడట.

ఎత్తింది ఆయమ్మ. యాభై దాటిన మనిషి, పదకొండేళ్ళుగా ఆ క్రెష్‌లోనే ఉంది. గుమ్మం దగ్గర ఎవరో నీళ్ళు ఒలకబోశారు. పిల్ల కాళ్ళు తడుస్తాయని రెండు చేతులూ పట్టుకుని ఆ తడి దాటించింది. అంతే చేసింది. ఆస్పత్రి వరండాలో గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. అతన్ని చూసి, "నేనేం చెయ్యలేదు బాబూ" అంది. అతను ఆమె ముఖంలోకి చూడలేక, పిల్లని ఎత్తుకుని వచ్చేశాడు.

నెల తిరక్కపోయినా ఆ శనివారమే మేడమ్ మళ్ళీ సమావేశం పెట్టింది. ఈసారి నవ్వులు లేవు. మేడమ్ మాట్లాడుతూ, సోమవారం నుంచి ఆయమ్మని మానిపిద్దామనుకుంటున్నానని, ముందుగా మీకందరికీ చెప్పడం ధర్మమని చెబుతున్నానని అంది. లెక్కల మాస్టారు వెంటనే అందుకున్నాడు. "నేను అనకూడదు గానీ, మా వాడికి కూడా రెండుసార్లు మోకాలు చీరుకుపోయింది. అప్పుడు ఆటల్లో అన్నారు, ఊరుకున్నాను." ఇంకెవరో పిల్ల చెవి కందిందన్నారు. ఇంకెవరో ఆయమ్మ గొంతు పెద్దదన్నారు. ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి గుర్తుకొస్తోంది. ఆయమ్మ తలుపు పక్కన నిలబడి వింటోంది. ఎవరూ ఆమెను కూర్చోమనలేదు.

అతని భార్య ఒళ్ళో పిల్లని గట్టిగా పట్టుకుని ఉంది. "మంచం మీంచి పడింది నా తప్పు, ఒప్పుకుంటాను" అంది. "నేను దాన్ని తలచుకోని రోజు లేదు. కానీ ఇది నేను ఒప్పుకోలేను. మీ చేతుల్లో పెట్టి వెళ్తున్నాం కదా అమ్మా. మీ మీద నమ్మకంతోనే కదా."

ఆయమ్మ తల దించుకుంది.

అతను లేచాడు. చిన్న కుర్చీ కాళ్ళకి అడ్డం పడి వెనక్కి దొర్లింది. "ఒక్క నిమిషం" అన్నాడు. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. స్టాపుల పేర్లు చెప్పినంత మామూలుగా వచ్చాయి.

"నా కూతురు మంచం మీంచి పడలేదు. మెట్ల దగ్గర నేను చెయ్యి పట్టుకుని లాగాను. కోపంతో లాగాను. కీలు అప్పుడే జారింది. చేతులు పట్టుకుని ఎత్తకూడదని ఇంట్లోనూ ఇక్కడా చెప్పమంది డాక్టరమ్మ. చెప్తే ఎందుకని అడుగుతారని నేను చెప్పలేదు. ఆయమ్మకి ఏమీ తెలీదు. తెలిస్తే అలా ఎత్తేది కాదు. ఇందులో ఆవిడ తప్పు లేదు. నా భార్య తప్పు అసలే లేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. టైలరమ్మ అతని వైపు కాకుండా అతని భార్య వైపు చూసింది.

చివరికి ఆయమ్మే మాట్లాడింది. "మూడు రోజుల్నుంచి పిల్లల్ని ఎత్తుకోవాలంటే భయమేసింది బాబూ. నా చేతులకేమైందో అనుకున్నాను. పదకొండేళ్ళలో ఎంతమందిని ఇలాగే ఎత్తానో, వాళ్ళ చేతులు ఏమైపోయాయోనని అన్నం సయించలేదు." ఆ తర్వాత ఆమె లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. అతను కూడా అడగలేదు.

భార్య పిల్లని భుజానికెత్తుకుని బయటికి నడిచింది. అతను వెనకాలే వెళ్ళాడు. పిల్లకి అన్నం తినిపించి పడుకోబెట్టాక, ఆ మధ్యాహ్నం ఆమె వంటగది గుమ్మంలో నిలబడింది. పెళ్ళైన ఆరేళ్ళలో అతన్ని "మీరు" అనే పిలిచింది. ఆ రోజు మొదటిసారి "నువ్వు" అంది.

"లాగావు, సరే. చెయ్యి లేవని తల్లి లేదు, తండ్రి లేడు. అది నేను అర్థం చేసుకోగలను. కానీ నెలకి పైగా నేను ఆ నేల మీద పడుకున్నాను. నన్ను నేను తిట్టుకుంటుంటే నువ్వు పక్కనే కూర్చుని టీ తాగావు. మెడ పట్టేస్తే మందు రాశావు. రాస్తూ కూడా చెప్పలేదు."

"భయమేసింది."

"దేనికి?"

అతను నేల మీది పరుపు వైపు చూశాడు. "పోయి ఆ డాక్టరమ్మ కార్డులో ఉన్నది ఉన్నట్టు రాయించుకుని రా" అంది.

సోమవారం వెళ్ళాడు. డాక్టరమ్మ అంతా విని, పాత మాట కొట్టేసి కొత్తది రాసింది. "ఆ రోజే అనుకున్నాను" అంది. "అడగడం నా పని. చెప్పడం మీ పని. ఇకనుంచి నేను అందరికీ కాగితం మీద రాసిస్తాను, ఎవరి నోటిమాట మీదా వదిలేయను." అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

ఆయమ్మ ఉద్యోగం నిలిచింది. అయినా ఇద్దరు తల్లులు పిల్లల్ని వేరే చోటికి మార్చేశారు. ఒకసారి పుట్టిన అనుమానం ఎవరో వచ్చి కాదంటే పోదని అతనికి అప్పుడు తెలిసింది. రోజూ పిల్లని దింపేటప్పుడు ఆయమ్మకి నమస్కారం పెట్టేవాడు. ఆమె తల ఊపి, పిల్లని చంకల కింద చేతులు పెట్టి అందుకునేది. అతనితో మామూలుగా మాట్లాడడానికి చాలా నెలలు పట్టింది.

తర్వాతి సమావేశానికి సగం మందే వచ్చారు. అతను ఒక మూల కూర్చున్నాడు. మేడమ్ ఎవరు మొదలుపెడతారని అడిగితే అందరూ గోడల వైపు చూశారు. చివరికి టైలరమ్మ గొంతు సవరించుకుంది.

"నవ్వొచ్చేవన్నీ చెప్పేసుకున్నాం కదా, మిగతావి కూడా చెప్పుకుందాం" అంది. "మొన్న వేసవిలో ఒకరోజు ఇద్దరూ కలిసి పొద్దుటినుంచీ ఏడుస్తూనే ఉన్నారు. అర్జెంటుగా ఇవ్వాల్సిన బట్టలు ఉన్నాయి. కత్తెర నా చేతిలో ఉంది. నాకు నా మీదే భయమేసింది. కత్తెర బీరువాలో పెట్టి, తలుపు బయటినుంచి గడియ పెట్టి, మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఇద్దరూ గుక్కపట్టి ఏడుస్తున్నారు. నేను కూర్చునే ఉన్నాను. ఎంతసేపో తెలీదు. మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు."

ఈసారి అతని భార్య లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. లెక్కల మాస్టారు ఆ రోజు ఏమీ చెప్పలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం లోపలి గది దాకా వెళ్ళి, ఆయమ్మతో నిలబడి ఏదో మాట్లాడి వచ్చాడు.

ఇంట్లో మాత్రం అంత తొందరగా ఏదీ సర్దుకోలేదు. భార్య పొద్దున వెళ్ళే ముందు వాళ్ళక్క వచ్చేది. పిల్ల స్నానం, తిండి, బట్టలు అన్నీ ఆవిడే చూసేది, క్రెష్ దాకా కూడా తోడు వచ్చేది. అతను ఇంట్లోనే ఉన్నా పిల్లని అతనికి ఒంటరిగా వదిలేవారు కాదు. వదినగారు మంచి మనిషి, ఒక్క మాట అనేది కాదు. ఆ అనకపోవడమే అతన్ని ఎక్కువ కోసేది. కూతురు మాత్రం ఏమీ ఎరగనట్టు అతని వీపెక్కి గుర్రమాడేది.

ఏడు వారాల తర్వాత ఒక గురువారం వదినగారికి జ్వరమొచ్చింది. ఆరున్నరకి ఫోన్ చేసి రాలేనంది. భార్య సంచి భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. సెలవు పెట్టే వీలు లేదు. చాలాసేపు అతన్నే చూసింది.

"కోపం వస్తే ఏం చేస్తారు?"

అతను ఆలోచించాడు. రాదని అనబోయి మానుకున్నాడు. "దాన్ని కింద కూర్చోబెట్టి నేను పక్కగదిలోకి వెళ్తాను. ఏడిస్తే ఏడవనిస్తాను. ఆలస్యమైతే అవనీ, డిపోలో చెప్పుకుంటాను."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ పొద్దున పిడుగు తన పద్ధతి ఏమీ మార్చుకోలేదు. సబ్బు నోట్లో పెట్టుకుంది. ఒక చెప్పు కిటికీలోంచి వీధిలోకి విసిరింది. అతను రెండుసార్లు పక్కగదిలోకి వెళ్ళి గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. రెండోసారి తలుపు దగ్గర అడుగుల చప్పుడు వినిపించింది. పిల్ల లోపలికి తొంగి చూసి, "నాన్న దాక్కున్నాడు" అంది. అతను కదలకుండా ఊపిరి నెమ్మదించేదాకా ఉండి, తర్వాత కిందికి వంగి ఎత్తుకున్నాడు. డిపోకి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాడు, అధికారి అన్నవన్నీ పడ్డాడు.

డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి భార్య పిల్లకి అన్నం కలుపుతోంది. సంచి కింద పెట్టకముందే చెప్పాడు.

"కోపం రెండుసార్లు వచ్చింది."

ఆమె చెయ్యి ఆగింది. "ఏం చేశారు?"

"పక్కగదిలోకి వెళ్ళాను. మొదటిసారి తొందరగానే తగ్గింది. రెండోసారి చెప్పు కోసం. అప్పుడు ఎక్కువసేపు పట్టింది."

"ముట్టుకోలేదు కదా."

"లేదు."

ఆమె అతని ముఖాన్ని, ఆ తర్వాత పిల్ల చేతుల్ని చూసింది. నమ్మిందో లేదో అతనికి తెలియలేదు. ముద్ద కలిపి పిల్ల నోట్లో పెట్టి, తల ఎత్తకుండానే అంది, "నాకు ఆదివారం వచ్చింది. మీరు బజారుకి వెళ్ళినప్పుడు. గ్లాసు గోడకేసి కొట్టాను. పెంకులు మీరు చూడకుండా ఊడ్చేశాను."

అతను కాళ్ళు కడుక్కోవడం మర్చిపోయి, పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"పిడుగు ఏం చేసింది?" అని అడిగాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది.